గొడుగుకొండ నల్లంచి పాట

మార్చి 2

అరవై మైనం ముక్కలు. పళ్ల గుర్తులు లేవు.

పిట్టల్ని కాపాడే శాఖకు పంపే పుస్తకంలో రోజూ మొదట రాసే వాక్యం ఇదే. ఇది ఆ పుస్తకం కాదు. అయినా అలవాటు కొద్దీ అదే రాశాను.

వేరుశెనగ నూనె కలిపిన మైనం ముక్కల్ని కొండ చుట్టూ నీటి అంచున పెడతాం. ఒడ్డుకు ఎలుక ఎక్కితే ముందు వాటినే కొరుకుతుంది. రోజూ వేకువనే ఎర్రయ్య తాత కొండ చుట్టూ నాలుగు మైళ్లు నడిచి వాటిని చూసి వస్తాడు. ఆయన భార్య నూకాలమ్మ వంట చేస్తుంది, వాన నీళ్ల తొట్టి చూసుకుంటుంది. నేను పిట్టల్ని కొలుస్తాను. గొడుగుకొండ మీద మనుషులం ముగ్గురమే.

సముద్రం మైదానం మీదికి వచ్చి నూట నలభై ఏళ్లయింది. కొండల శిఖరాలు దీవులుగా మిగిలాయి. నీళ్లు తేటగా ఉన్న రోజున తూర్పు రాతి మీద నిలబడితే అడుగున ఒక సెల్ టవర్ కొన కనిపిస్తుంది.

మా కాన్వెంట్‌లో పెరిగిన అనాథ పిల్లలు మూడేళ్లు దీవి సేవ చేయాలి. నేను వచ్చి రెండేళ్లు దాటింది. పడవ ఏడాదికి ఒకసారి, ఫిబ్రవరిలో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు వస్తుంది. వచ్చే పడవకు నేను వెళ్లిపోతాను. కాన్వెంట్ గ్రంథాలయంలో నాలుగు వేల కాగితం పుస్తకాలున్నాయి. వాటిని చూసుకునే పని నాకోసం ఆపి ఉంచుతానని సిస్టర్ ప్రిస్కా మాటిచ్చింది. ఇంకా పదకొండు నెలలు.

మార్చి 9

పదిహేడో పెట్టెలో మూడు గుడ్లు.

నల్లంచి చిన్న పిట్ట. మగది నల్లగా ఉంటుంది, భుజం మీద తెల్ల మచ్చ, ఎత్తిన తోక కింద ఇటుక రంగు. రాతి సందుల్లో గూడు పెడుతుంది. మేం గోడలకు కట్టిన చెక్క పెట్టెల్లోనూ పెడుతుంది. నీళ్ల మీదుగా దూరం ఎగరదు. మైదానం మునిగినప్పుడు ఈ కొండ మీద ఎన్ని ఉన్నాయో వాటి సంతానమే ఇప్పుడున్నవన్నీ. మునగని పెద్ద నేలను మేం గట్టు అంటాం. గట్టు మీది నల్లంచికి రెక్క డెబ్బై అయిదు మిల్లీమీటర్లు. ఇక్కడి వాటికి డెబ్బై ఒకటి. కాళ్లు మాత్రం కాస్త పొడుగు. ఎగరాల్సిన పని తగ్గింది, రాళ్ల మీద పరుగెత్తాల్సిన పని పెరిగింది.

పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు లోపలున్న తల్లి బెదురుతుంది. నేనూ బెదురుతాను. అందుకని నోరు మూసుకుని అయిదు స్వరాలు హమ్ చేస్తాను. మూడు దిగి, రెండు ఎక్కేవి. కాన్వెంట్‌లో సాయంత్రం చదువుకు కూర్చునే ముందు మనసు కుదురుపడటానికి అందరి చేతా అలా అనిపించేవారు. నాకు అది పోలేదు. నేను పిట్టలతో మాట్లాడతాననీ మనుషులతో మాట్లాడననీ నూకాలమ్మ ఎగతాళి చేస్తుంది. ఆమె అన్నది నిజమే కాబట్టి జవాబు చెప్పను.

మార్చి 21

పాట పరీక్ష ముగిసింది.

ఏటా ఇదే పని. ఒక మగ పిట్ట ఉండే చోట పొద కింద స్పీకరు పెట్టి, గట్టు మీది నల్లంచి పాటను మూడు నిమిషాలు వినిపిస్తాం. తన జాతి మగది తన చోటుకు వచ్చిందనుకుంటే పిట్ట దూసుకొచ్చి తోక విప్పి పోట్లాటకు దిగుతుంది. అనుకోకపోతే పురుగులు ఏరుకుంటూ ఉండిపోతుంది. నలభై మగ పిట్టల్ని పరీక్షించాలి.

నేను రాకముందు ఏడాది ముప్ఫై ఒకటి వచ్చాయి. నా మొదటి ఏడాది ఇరవై ఆరు. నిరుడు పంతొమ్మిది. ఈసారి నాలుగు.

ఆదివారం రేడియోలో శాఖ నుంచి హైమవతి మేడంతో మాట్లాడాను. రేడియోలో మాట్లాడాలంటే నాకు భయం. అంకె చెప్పగానే ఆవిడ మళ్లీ చెప్పమంది. పది కంటే తక్కువ వస్తే గొడుగుకొండ నల్లంచిని వేరు జాతిగా ప్రకటించవచ్చని చెప్పింది. జనవరిలో నేను ఇచ్చే ఆఖరి నివేదికను బట్టి నిర్ణయం ఉంటుందట. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది. ముప్ఫై దీవుల్లో ఇదే మొదటిదట.

మార్చి 24

మూడు రోజులుగా చట్టం కాగితం చదువుతున్నాను.

వేరు జాతి ఉన్న దీవిని మూసేస్తారు. రెండు మైళ్ల లోపలికి ఏ పడవా రాకూడదు. పడవ వస్తే ఎలుక వస్తుంది. తిండీ మందులూ డ్రోన్ తెచ్చి జారవిడుస్తుంది. నివేదిక శాఖకు చేరిన రోజు నుంచే ఇది అమలు. ఆ రోజున దీవి మీద ఎవరుంటే వాళ్లే కాపలాదారులు. కొత్తవాళ్లను పంపాలంటే మళ్లీ పడవ కావాలి గదా. గడువు ఇరవై అయిదేళ్లు.

డ్రోన్ ఇరవై కిలోలు మోస్తుంది. నేను నలభై ఆరు కిలోలు.

నాకు ఇరవై రెండేళ్లు.

ఏప్రిల్ 6

వంటింటి బయట కూర్చుని పదిహేడో పెట్టె మగ పిట్ట పాటను కాగితం మీద గీతలుగా రాస్తున్నాను. కొత్త పాటలో ఏం మారిందో తేల్చాలి. నూకాలమ్మ ఎండుచేపలు తిరగేస్తూ వింటోంది.

"దానికెందుకే అన్ని గీతలు? అది నీ పాటే కదేటి."

అర్థం కాలేదన్నాను.

"నువ్వు పెట్టెకాడ మూలుగుతావే, అదే. నిరుటి నుంచీ ఇంటన్నాను. నువ్వే నేర్పుతున్నావేమో అనుకున్నాను."

కాగితం వంక చూశాను. మూడు దిగి, రెండు ఎక్కి ఉంది.

ఏప్రిల్ 8

నాకంటే ముందు ఇక్కడ పనిచేసినావిడ రికార్డులన్నీ విన్నాను. వాటిలో ఆ అయిదు స్వరాలు లేవు.

నల్లంచి పిల్ల గుడ్డులోంచి పాటతో రాదు. పది రోజుల వయసు నుంచి విన్నదాన్ని మనసులో పెట్టుకుని, నెలల తర్వాత పాడుతుంది. సరిగ్గా ఆ పది రోజులకే నేను పిల్లల కాళ్లకు రంగు కడియాలు వేస్తాను. ఒక్కో పెట్టె దగ్గర పావుగంట. పావుగంటసేపూ హమ్ చేస్తాను. రెండేళ్లలో నూట తొంభై పిల్లలకు వేశాను.

అంటే వేరు జాతి లేదు. నేను పాడుచేసిన పరీక్ష ఉంది. ఆ సంగతి చెబితే దీవి మూతపడదు. ఫిబ్రవరిలో పడవ వస్తుంది.

నాకు సంతోషం కలిగింది. అది కూడా రాస్తున్నాను.

ఏప్రిల్ 13

మేడంకు చెప్పాను. ముందు కాగితం మీద రాసుకుని చదివాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రేవు సంస్థవాళ్లు ఈ కొండ మీద ఇంధనం నింపే స్టేషను కట్టాలని అడుగుతున్నారని చెప్పింది. ప్రకటన ఆగితే ఫిబ్రవరి పడవలోనే నలభై మంది సర్వేవాళ్లు సామాన్లతో సహా దిగుతారు.

ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగింది. పంజరంలో చిలక మాట నేర్చినట్టు నేర్చాయా, లేక ఆ పాట ఇప్పుడు వాటిదైపోయిందా? తేల్చడానికి దారి ఒక్కటే. ఈ ఏడాది పుట్టే పిల్లలు నా గొంతు వినకూడదు. పిట్టల పాట మాత్రమే వినాలి. జనవరికి అవి పాడటం మొదలుపెడతాయి. ఇంకా మిగిలిన ముసలి పిట్టల పాత పాటకు తిరిగి వెళితే తప్పు నాది, జాతి ఒకటే. తండ్రుల పాటే పాడితే, ఆ పాటను బట్టే జంట కడుతుంటే, వేరు.

ఒప్పుకున్నాను. పాత పాటే పాడతాయనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఎర్రయ్య తాతకు అంతా చెప్పాను. ఆయన అంతకుముందు జంటకొండలో కాపలా ఉండేవాడు. అక్కడ నల్లంచి ఉండేదని తెలుసు, ఏమైందో ఎప్పుడూ అడగలేదు. ఈ రోజు ఆయనే చెప్పాడు. రేవుకు సంబంధించిన పడవ ఒకటి ఒకే ఒక్కసారి వచ్చిందట. బియ్యం బస్తాలు దించి వెళ్లిపోయింది. రెండో ఏడాదికి పెట్టెల్లో గుడ్ల పెంకులే ఉన్నాయి. నాలుగో ఏడాది చివర ఒక్క మగ పిట్ట మిగిలింది. అది పాడుతుంటే భరించలేక ఆయన చెవుల్లో దూది పెట్టుకునేవాడట.

ఏప్రిల్ 20

మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను. హమ్ చేయకూడదని ఎంత అనుకున్నా గొంతులోంచి వచ్చేస్తోంది. గుడ్డ తగిలితే గుర్తొస్తుంది.

బయట మాట్లాడటం మానేశాను. ఇంట్లో కిటికీలు వేసుకుని మాట్లాడతాం. ఉక్కకి నూకాలమ్మ విసనకర్రతో తనకొకసారీ నాకొకసారీ విసురుతుంది.

మే 14

పెట్టెలో చెయ్యి పెడితే తల్లి పొడుస్తోంది. ఇదివరకు పొడిచేది కాదు. వేళ్ల మీద చిన్న చిన్న గాట్లు.

కొండ చుట్టూ నడిస్తే గంటన్నర. ఈ రోజు రెండుసార్లు నడిచాను. ఎటు తిరిగినా చివరికి అదే తూర్పు రాయి వస్తుంది.

మే 23

మూడు రోజులు తుపాను. పైకప్పు రేకులు రెండు పోయాయి. తొట్టి నిండింది.

గాలి ఆగాక రేడియో స్తంభం అడుగున ఒక మగ నల్లంచి తడిసి పడి ఉంది. కాలికి కడియం లేదు. ఇక్కడ పెద్ద మగ పిట్టలన్నిటికీ నేనో, నా ముందావిడో వేసిన కడియాలుంటాయి. రెక్క కొలిచాను. డెబ్బై అయిదున్నర. గట్టు నుంచి గాలి విసిరేసింది దాన్ని.

నూకాలమ్మ గుడ్డలో చుట్టి పొయ్యి దగ్గర పెట్టింది. చెదపురుగులు ఏరి పెట్టింది. సాయంత్రానికి కళ్లు తెరిచింది.

"అల్లుడు లేచాడే," అంది. "సంబంధాలు సూడాల."

జూన్ 11

అల్లుడు రేడియో స్తంభం మీద ఎక్కి పొద్దుటినుంచీ పాడుతోంది. గట్టు పాట, మా స్పీకరులో ఉన్న పాటే. బాగా పాడుతుంది.

ఒక్క ఆడ పిట్టా రాలేదు. జంట లేని ఆడవి ఆరున్నాయి, నేను లెక్కబెట్టాను. ఒకటి స్తంభం కిందే పురుగులు ఏరుకుని వెళ్లింది, తల ఎత్తలేదు. ఆ చోటు పదకొండో పెట్టె మగ పిట్టది. అది అల్లుణ్ణి తరమలేదు. అంతకంటే అన్యాయం ఏముంటుంది? పిచ్చుకనో పిగిలిపిట్టనో చూసినట్టు ఒకసారి చూసి ఊరుకుంది.

నూకాలమ్మ కూడా ఎగతాళి మానేసింది. తిరిగి వెళ్లిపోరాదా అంది దానితో. ఎక్కడికి వెళుతుంది? నలభై మైళ్ల నీళ్లు.

జూన్ 30

అరవై ముక్కలు. లేవు.

కానీ ఈ రోజు ముప్ఫై నాలుగో ముక్క మీద గీతలు నేను చూశాను. పెట్టెలకు వెళుతూ అనుకోకుండా చూశాను. భూతద్దం పెట్టి చూస్తే పీత గిల్లిన గుర్తులు. ఎలుకవైతే జంట గాట్లు పడతాయి.

ఎలుకవి కావు. కానీ ఎర్రయ్య తాత పొద్దున దాన్ని చూసి ఏమీ లేదన్నాడు. అడిగితే కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఆయనకు రెండేళ్లుగా దగ్గరి చూపు లేదు. బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. శాఖకు తెలిస్తే తీసేస్తారని భయపడ్డాడు. వాళ్లిద్దరికీ గట్టు మీద ఎవరూ లేరు.

ఎవరికీ చెప్పనన్నాను. సగం ముక్కలు నేను చూస్తానన్నాను. ఆయన అటు తిరిగి చుట్ట వెలిగించుకున్నాడు.

సెప్టెంబరు 17

వాన. కొత్త పిల్లలు తొంభై ఒకటి బతికాయి. ఏదీ నా గొంతు వినలేదు.

అల్లుడు ఈకలు రాలుస్తోంది. పాట ఆపింది. సిస్టర్ ప్రిస్కా నుంచి రేడియోలో కబురు. గ్రంథాలయం కప్పు కారుతోందట, పుస్తకాలు పై అరలకు ఎక్కించారట. నువ్వొచ్చి సర్దుకుందువుగాని అంది.

నాకు పుస్తకాల వాసన గుర్తు తెచ్చుకోవడం కష్టంగా ఉంది.

జనవరి 8

ఈ ఏటి మగ పిల్లలు గొంతు సవరించుకుంటున్నాయి. పొదల్లో కూర్చుని తమలో తాము గొణుక్కుంటున్నట్టు ఉంది. ఇంకా ఏ పాటో తెలియదు. రోజంతా వింటున్నాను. పాత పాట రావాలని కోరుకుంటున్నాను. ఇలా కోరుకుంటూ వింటే చెవి అబద్ధం చెబుతుందని భయమేసి, అన్నిటినీ రికార్డు చేస్తున్నాను.

జనవరి 19

పసుపు తెలుపు కడియాల పిట్ట, పదిహేడో పెట్టెలో పుట్టింది. ఈ రోజు రాతి మీదికొచ్చి గొంతు విప్పి పాడింది.

మూడు దిగింది. రెండు ఎక్కింది. ఆపైన ఇంకొకటి పాడింది.

ఆ ఆరో స్వరం నేనెప్పుడూ అనలేదు. పొట్టిగా, పక్కకు జారినట్టు ఉంది. నోటితో అనబోతే రాలేదు. గుడ్డ ఉంది కాబట్టి బయటికి వినపడలేదు.

జనవరి 25

ముప్ఫై మూడు కొత్త గొంతుల్లో ముప్ఫై ఒకటి తండ్రుల పాటే పాడుతున్నాయి. పద్దెనిమిదింటికి ఆరో స్వరం ఉంది.

కూర్చుని ఆలోచించాను. నూట నలభై ఏళ్ల కిందట ఇక్కడ చిక్కుకున్న పిట్టల్లో ఏదో ఒకటి తండ్రి పాటను తప్పుగా నేర్చుకుని ఉంటుంది. సరిదిద్దడానికి గట్టు నుంచి ఎవరూ రాలేదు. ఆ తప్పునే దాని పిల్లలు నేర్చుకుని ఉంటాయి. నేను రాకముందే తొమ్మిది పిట్టలు గట్టు పాటకు కదల్లేదు. అవి వెళుతున్న దారిలోకి నా తప్పు ఒకటి వచ్చి పడింది. వాటికి ఎక్కడి నుంచి వచ్చిందో పట్టదు. ఆడ పిట్టలు ఆ పాటకే వస్తున్నాయి. అల్లుడి పాటకు రాలేదు.

వేరు జాతి. నా చేత్తోనే రాయాలి.

జనవరి 27

నివేదిక రాసి బల్ల మీద పెట్టాను. హమ్ చేసిన సంగతి మొదటి పేజీలోనే ఉంది. పడవ ఫిబ్రవరి మూడున.

ఎర్రయ్య తాత కిటికీలు వేసి నా ఎదురుగా కూర్చున్నాడు. పుస్తకాలు చదువుతానని ఆయన నన్ను పంతులమ్మ అంటాడు.

"పంతులమ్మా, నువ్వు పడవెక్కు. ఎక్కినాక పంపు ఆ కాగితం. వారం రోజులు ఎనకైతే ఏటైపోద్ది?"

ఆ పడవలోనే నలభై మంది వస్తారన్నాను. సామాన్లు వస్తాయన్నాను.

"నాను సూసుకుంటాను. బస్తా బస్తా తడిమి సూస్తాను."

"జంటకొండలో ఎన్ని పడవలొచ్చాయి తాతా?"

ఆయన తన బొటనవేలు వంక చూసుకున్నాడు. నూకాలమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగకుండానే అంది.

"ఆ పిల్లకి ఇరవై మూడు నిండనేదు మావా. మనకోసం, పిట్టకోసం ఇక్కడే పడుండమంటే ఎలగ?"

"నాను ఉండమన్నానేటి? ఎల్లమనే కదా అంటన్నాను."

వాళ్లిద్దరూ నా గురించి పోట్లాడుకుంటున్నారు. నాకోసం అలా ఎవరూ పోట్లాడుకోగా ఎప్పుడూ వినలేదు. లేచి బయటికి వెళ్లి తూర్పు రాతి దాకా నడిచాను. అక్కడితో కొండ అయిపోయింది.

జనవరి 28

ఉదయం తొమ్మిదింటికి రేడియోలో నివేదిక చదివాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఎక్కడా తడబడలేదు.

మేడం అందిందని చెప్పి, దీవి మీద ఎవరెవరు ఉన్నారో పేర్లు అడిగింది. వడమోదుల ఎర్రయ్య. వడమోదుల నూకాలమ్మ. చివర నా పేరు. సెరాఫిన. ఇంటి పేరు లేదని చెప్పాను. ఆవిడ అలాగే రాసుకుని గడువు తేదీ చదివి వినిపించింది. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు ఉంటాయి.

సాయంత్రం సిస్టర్ ప్రిస్కా మాట్లాడింది. గ్రంథాలయానికి వేరే అమ్మాయిని చూస్తానంది. ఏడ్చినట్టుంది. డ్రోన్ వచ్చినప్పుడల్లా రెండు పుస్తకాలకు బరువు వదలమని శాఖను అడిగిందట. ఏవి కావాలో రాసి పెట్టమంది. కాగితం తీసుకుని కూర్చున్నాను. ఒక్క పేరూ తోచలేదు.

ఫిబ్రవరి 3

పడవ వచ్చింది. మిగతా దీవులకు వెళుతూ రెండు మైళ్ల గీత దగ్గర ఆగింది. ముగ్గురం తూర్పు రాతి మీద నిలబడి చూశాం. ఎర్రయ్య తాతకు దూరం చూపు బాగానే ఉంది. డెక్కు మీద మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారని, ఒకడు చెయ్యి ఊపుతున్నాడని చెప్పాడు. నేను ఊపలేదు. గంటసేపు ఉండి పడవ మళ్లింది. చాలాసేపు కనిపించింది. సముద్రం చదునుగా ఉంది.

నూకాలమ్మ నా భుజం మీద చెయ్యి వేసి అన్నం తిందువు రమ్మంది.

మధ్యాహ్నం పరీక్షల స్పీకరును తుడిచి పెట్టెలో పెట్టబోయాను. ఇకమీదట పాట పరీక్ష ఉండదు. స్తంభం మీద అల్లుడు మళ్లీ పాట మొదలుపెట్టింది. కొత్త ఈకలొచ్చాయి, నల్లగా మెరుస్తోంది. ఎవరూ వినడం లేదు.

స్పీకరును స్తంభం కింద పొదలో పెట్టి గట్టు పాట వినిపించాను.

పాట సగంలో ఆపేసి కిందికి దూసుకొచ్చింది. తోక విప్పి, రెక్కలు దించి, పొద చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఎవరూ కనిపించలేదు. అయినా వెళ్లలేదు. రాతి మీద నిలబడి జవాబు పాడింది. స్పీకరు పాడింది. మళ్లీ జవాబు పాడింది. మూడు నిమిషాలు అయిపోయాక కూడా అది ఎదురుచూస్తుంటే ఇంకోసారి పెట్టాను.

రేపటి నుంచి అరవై ముక్కలూ నేనే చూస్తాను. ఈ రోజు ముప్ఫై చూశాను. తాత ముప్ఫై తడిమాడు, వాటి మీద నేను మళ్లీ భూతద్దం పెట్టాను.

అరవై మైనం ముక్కలు. పళ్ల గుర్తులు లేవు.